అడిగితే రాసేవాళ్లున్నారు
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)

సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద మాట్లాడమంటే ఆయన చరిత్ర రచన గురించి చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని చేయగల పండితులు ఈ హాల్లోనే ఉన్నారు. నేను జిల్లా డెస్కుల్లో వార్తలు దిద్దుకుంటూ బతికినవాణ్ని. కాబట్టి ఆయనలోని సంపాదకుణ్ని మాత్రమే పట్టుకుంటాను. అందులోనూ ఆయన చేసిన ఒక్క పని దగ్గరే ఆగుతాను.

గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. నిజాం రాజ్యంలో తెలుగువాడు తెలుగులో సభ పెట్టుకోవడమే ఒక సాహసంగా ఉన్న రోజులవి. ఆ కాలంలో ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే ఆయన తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా అన్నారు. అలాంటి మాటకు మా వృత్తిలో సాధారణంగా ఒక ఘాటైన సంపాదకీయం పడుతుంది. రాత్రి రాసిపారేసి ఇంటికి పోతాం, రెండు రోజులు అందరూ మెచ్చుకుంటారు, మూడో రోజు మర్చిపోతారు. ప్రతాపరెడ్డి గారు అంతటితో ఊరుకోలేదు. మీ పద్యాలు, మీ వివరాలు పంపండని తెలంగాణ కవులను అడిగారు. పల్లెల నుంచి, తాలూకాల నుంచి వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు.

ఆ పద్యాల్లో ఎన్ని నిలుస్తాయన్నది వేరే చర్చ. నాకు నచ్చింది ఆ పుస్తకం తయారైన పద్ధతి. పత్రిక దగ్గర అచ్చు ఉంది, నలుగురికీ చేరే దారి ఉంది, సరిచూసే కన్ను ఉంది. సమాచారం మాత్రం ఊళ్లలో ఉంది. అడిగేసరికి వచ్చింది, పంపినవాడి పేరుతోనే అచ్చయింది. ఇవాళ స్థానిక పత్రికకూ, జనం తమంతట తాము నడుపుకునే వెబ్‌సైట్లకూ మధ్య ఉండాల్సిన సంబంధం ఇదేనని నేను అనుకుంటున్నాను. ఆ సంబంధం మనకు లేదు. పత్రికలు అడగడం మానేశాయి. ఎవరూ అడగకపోయినా జనం మాత్రం రాసుకుంటూ పోతున్నారు.

ఎక్కడ రాస్తున్నారు? ఊరి పేరుతో వెబ్‌సైటు పెట్టుకున్నవాళ్లున్నారు. హైస్కూలు పూర్వవిద్యార్థులు పెట్టుకున్నవి ఉన్నాయి. గుడి చరిత్ర, గ్రంథాలయం చరిత్ర రాసిపెట్టినవి ఉన్నాయి. చాలావాటిని హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉన్న ఒక కుర్రాడు పండగ సెలవుల్లో మొదలుపెడతాడు. ఉద్యోగం మారినప్పుడో, పెళ్లయినప్పుడో వదిలేస్తాడు. ఇవి పుట్టినంత తేలిగ్గానే పోతాయి. పోకుండా నిలబడినవాటిలో అన్నిటికంటే పెద్దది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. ఇవాళ లక్ష వ్యాసాలు దాటింది. రాసేవాడికి జీతం లేదు, విలేకరికి లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటూ లేదు.

దాని తొలి రోజుల్లో ఒక పత్రిక చేసిన సాయం చెప్పుకోదగ్గది. 2006 చివర్లో ఈనాడు ఆదివారం సంచికలో తెలుగు వికీపీడియా గురించి ఒక వ్యాసం వచ్చింది. కంప్యూటరులో తెలుగు రాయవచ్చన్న సంగతే తెలియని వేలమందికి, మీరూ రాయవచ్చు అన్న కబురు ఆ వ్యాసం వల్ల అందింది. పాత సభ్యులు ఆ ఆదివారాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. పత్రికకు అయిన ఖర్చు కొన్ని పేజీల కాగితం. అది పత్రిక వల్ల వెబ్‌సైటుకు జరిగిన మేలు.

వెబ్‌సైటు మనుషుల వల్ల పత్రికకు జరిగిన మేలు అంతకు ముందే మొదలైంది. అది మన వృత్తిలోనే చాలామందికి తెలియదు. అప్పట్లో మన దినపత్రికలు ఇంటర్నెట్టులో ఎవరి ఫాంటు వాళ్లు వాడుకునేవి. తెర మీద చూస్తే తెలుగే. కాపీ చేసి ఇంకోచోట పెడితే అర్థం లేని రోమన్ గుర్తుల గుట్ట. వెతుకుడు యంత్రాలకు అది తెలుగని తెలియదు. మీ ఊరి పేరు కొట్టి వెతికితే, ఆ ఊరి గురించి పత్రిక వంద వార్తలు రాసి ఉన్నా ఒక్కటీ దొరికేది కాదు. అంటే కోట్ల రూపాయల యంత్రాంగం రోజూ ఇంటర్నెట్టులో పెడుతున్న తెలుగు, ఇంటర్నెట్టు దృష్టిలో లేనట్టే లెక్క. అప్పుడు వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే పనిముట్టు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకుంటే చాలు, ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్లలోని అక్షరాలను యూనికోడులోకి మార్చి చూపించేది. తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే. పత్రికలు తమకు తాము చేసుకోవాల్సిన పనిని ఒక పాఠకుడు ఉచితంగా చేసిపెట్టాడు. యూనికోడుకు మన పత్రికలు నింపాదిగా, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చాయి.

ఇక జిల్లా పేపరు సంగతికి వస్తాను. నా జీవితం గడిచింది అక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓర్చుకోండి.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైనప్పుడు ఆ ప్రాంతం వార్తలు పొద్దున్నే అదే ప్రాంతంలో అచ్చులో చూడటం కొత్త. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక ప్రతి మండలానికీ పేపరులో చోటు దొరికింది. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల పెరుగుదల మీద రాసిన పుస్తకంలో తెలుగు పత్రికల తీరును ప్రత్యేకంగా చర్చించాడు. మిగతా తెలుగు పత్రికలూ ఈనాడు దారే పట్టాయి. బోరింగు చెడిపోయిందని, బస్సు రావడం లేదని అచ్చులో చూసి అధికారులు కదిలిన కాలం అది. ఆ గొప్పతనం ఎవరూ కాదనలేరు.

కానీ ఆ పద్ధతితోనే ఒక గోడ కూడా లేచింది. మక్తల్ వార్త ఆ ప్రాంతానికే వేసే మక్తల్ జోన్ పేజీలోనే ఉంటుంది. అదే వార్త కావాల్సిన మక్తల్ మనిషి ముంబైలో ఇళ్లు కడుతుంటాడు, లేదా కూకట్‌పల్లిలో అద్దెకుంటాడు. అతనికి చేరదు. పక్క జిల్లావాడికీ చేరదు. ఈ-పేపరు వచ్చాక గోడ పోతుందనుకున్నాం. అచ్చు పేజీని బొమ్మలా తీసి తెర మీద పెట్టారు. బొమ్మలో అక్షరాలు వెతికితే దొరకవు. కొన్నాళ్లకు ఆ బొమ్మా తెరుచుకోదు.

మండల విలేకరి విషయం ఇంకా విచిత్రం. మేం కంట్రిబ్యూటర్ అంటాం. అతనికి ఆ మండలంలో తెలియని సంగతి ఉండదు. ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఏ ఊళ్లో వీధి భాగవతం ఆడే కుటుంబం మిగిలిందో, ఏ బడికి ఎవరు స్థలమిచ్చారో అన్నీ తెలుసు. ఇందులో ఎంత అచ్చవుతుంది? ప్రమాదాలు, ధర్నాలు, ఎమ్మెల్యే గారి పర్యటన పోగా మిగిలిన జాగాలో పట్టినంత. మిగతాదంతా అతని నోటుబుక్కులో, అతని తలలో ఉండిపోతుంది. దానికి తోడు యాడ్స్ టార్గెట్ ఒకటి. నాయకుడి పుట్టినరోజుకి శుభాకాంక్షల ప్రకటన తేలేని విలేకరి ఎంత బాగా రాసినా డెస్కులో వాడికి విలువ తక్కువ. ఇది ఏ ఒక్క పత్రిక జబ్బూ కాదు కాబట్టి ఏ పేరూ చెప్పను. ఆ విలేకరి తన మండలం గురించి తీరిగ్గా రాసుకునే చోటు ఒకటి ఉంటే, అక్కడ తన పేరు ఉంటే, రాస్తాడు. నేను చూశాను. వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలను పెంచినవాళ్లలో బడిపంతుళ్లు, రిటైరైన ఉద్యోగులు, ఇలాంటి విలేకరులూ ఉన్నారు.

ఆ ఊళ్ల వ్యాసాల కథ వినదగ్గది. 2011 జనగణన లెక్కల్లోని గ్రామాల వివరాలు ఆధారంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోని రెవెన్యూ గ్రామాలకు స్వచ్ఛంద సభ్యులు వ్యాసాలు తయారుచేశారు. జనాభా, బడులు, సాగునీరు, దగ్గరి పట్నం, అన్నీ ఉంటాయి. ఈలోపు 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రతిసారీ ఏ మండలం ఏ జిల్లాలోకి పోయిందో ప్రభుత్వ ఉత్తర్వులు పక్కన పెట్టుకుని, వేల వ్యాసాల్లో జిల్లా పేరు, మండలం పేరు మార్చుకుంటూ పోయారు. అదే సమయంలో పత్రికల డెస్కుల్లో మేమూ ఎడిషన్లు విడగొట్టుకుంటున్నాం. ఒకే పని, రెండు గదుల్లో. ఒక గది నుంచి ఇంకో గదికి తలుపు లేదు.

అలాంటి తలుపు ఉంటే పత్రికకు కలిగే లాభం చాలా మామూలుగా ఉంటుంది. కొత్తపల్లెలు, రామాపురాలు, గోపాలపురాలు మన దగ్గర ఎన్నున్నాయో లెక్కలేదు. తెలుగు వికీపీడియాలో ఇలాంటి పేర్లకు అయోమయ నివృత్తి పేజీలుంటాయి, ఏ కొత్తపల్లె ఏ మండలంలో ఉందో విడదీసి చూపిస్తాయి. రాత్రి పదకొండింటికి పేజీ మూసే సబ్‌ఎడిటరుకు అంతకంటే కావాల్సింది లేదు. ఒక కొత్తపల్లె ప్రమాదానికి ఇంకో కొత్తపల్లె ఫొటో వేసిన పేపర్లను మీరూ చూసే ఉంటారు.

ఇక వెబ్‌సైటుకు పత్రిక ఎందుకు కావాలి? ఇక్కడే అసలు విషయం ఉంది. వికీపీడియాలో నేను చూశాను, మా తాత చెప్పాడు అంటే చెల్లదు. ఎక్కడో అచ్చయిన మూలం చూపాలి. మన పల్లెల గురించి అచ్చయిన మూలం ఏముంది? విశ్వవిద్యాలయాలు ప్రతి ఊరి మీదా పుస్తకం రాయవు. గెజిటీరులో రెండు వాక్యాలుంటే గొప్ప. ఉన్నది జిల్లా పేపరే. ఒక ఒగ్గుకథ కళాకారుడు చనిపోయాడనుకోండి. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ పేరుతో పిలిచేవాళ్లు అన్నదానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క రాతపూర్వక సాక్ష్యం జిల్లా అనుబంధంలో వచ్చిన మూడు కాలమ్‌ల వార్త. ఒక సభ్యుడు శ్రద్ధగా ఆ లింకు ఇచ్చి వ్యాసం రాస్తాడు. రెండేళ్లకు పత్రిక తన వెబ్‌సైటు రూపం మారుస్తుంది. పాత లింకులన్నీ చచ్చిపోతాయి. వ్యాసంలో ఆధారం పోయింది, ఇంకొకరు వచ్చి ఆధారం లేని మాట అని తీసేయవచ్చు. పేపరు తన రాతను తానే చెరిపేసుకుందన్నమాట. ఇది మన పత్రికల్లో దాదాపు ఆనవాయితీ. సభ్యులు కొందరు ముందుజాగ్రత్తగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకలు దాచిపెడుతుంటారు. మన వార్తను మనకంటే జాగ్రత్తగా దాస్తున్నది వాళ్లు.

పత్రిక చేయాల్సినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. వార్తకు ఇచ్చిన లింకును మార్చకూడదు. పాత వార్తలకు తాళం వేయకూడదు. ఇవాళ్టి పేపరుకు డబ్బు అడగండి, న్యాయమే. పదేళ్ల కిందటి మండల వార్తకు డబ్బిచ్చి చదివేవాడు ఎవడు? అది తెరిచి ఉంటే మాత్రం దాని మీద ఆధారపడి నలుగురు రాస్తారు, ఆ లింకు పట్టుకుని పాఠకుడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. నెల్లూరు జమీన్ రైతు చిన్న వారపత్రికే కదా, తన పాత సంచికలను స్కాన్ చేసి ఇంటర్నెట్టులో పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటివాటి పాత సంచికలను డిజిటలైజ్ చేయించింది. వాటివల్ల తెలుగు సాహిత్య చరిత్రలో, సినిమా చరిత్రలో తేదీలు ఎన్ని సరిదిద్దుకున్నారో పరిశోధకులను అడగండి. చట్టం కూడా అడ్డు రాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పేరు లేకుండా అచ్చయిన రాతకు 60 ఏళ్లు దాటితే హక్కు ముగుస్తుంది. రచయిత తెలిసిన రాతకు ఆయన మరణించాక 60 ఏళ్లు. ప్రతాపరెడ్డి గారు 1953 ఆగస్టు 25న కన్నుమూశారు కాబట్టి 2014 నుంచి ఆయన రాతలు అందరివీ.

హక్కుల మాట వచ్చింది కాబట్టి రెండు వైపులా జరుగుతున్న దొంగతనం గురించీ చెప్పాలి. ఒక మిత్రుడు ఎండలో కొండెక్కి ఒక శిథిల ఆలయం ఫొటో తీసి స్వేచ్ఛా లైసెన్సుతో, వికీపీడియా ఫొటోలుండే వికీమీడియా కామన్స్‌లో పెట్టాడు. ఒక పత్రిక దాన్ని సగం పేజీ వేసింది. కింద ‘సౌజన్యం: ఇంటర్నెట్’ అని ఉంది. ఇంటర్నెట్ అనే ఆయన ఎవరో, ఆయనకు ఇన్ని వేల ఫొటోలు తీసే ఓపిక ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ లైసెన్సు అడిగేది ఎంత? వాడుకో, తీసినవాడి పేరు వేయి, లైసెన్సు ఏదో చెప్పు. ఒక్క లైను. అవతలివైపు స్వచ్ఛంద సభ్యులూ తక్కువ తినలేదు. విలేకరి రాసిన వార్తను పేరాలకు పేరాలు ఎత్తి వ్యాసంలో అతికించినవాళ్లున్నారు. వికీపీడియాలోనే దీనికి నియమం ఉంది, పట్టుకుంటే తీసేస్తారు, కానీ అన్నీ పట్టుబడవు. పేరు దగ్గర నిజాయితీ లేకపోతే మిగతా సహకారమంతా మాటలకే పరిమితం.

మీ మనసులో ఉన్న ప్రశ్న డబ్బు గురించి. దానికి నేను అమెరికా దాకా వెళ్లాలి, ఎందుకంటే ఈ ప్రయోగాలు అక్కడ ముందు జరిగాయి. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ కాలిఫోర్నియన్ అనే దినపత్రిక 2004లో తన ఊరి వాయవ్య భాగానికి మాత్రమే నార్త్‌వెస్ట్ వాయిస్ అని ఒక వెబ్‌సైటు పెట్టింది. రాసేది అక్కడి జనం. వాటిలో మంచివాటిని ఏరి అచ్చువేసి ఉచితంగా ఇళ్లకు పంచారు. అసలు పేపరులో ప్రకటన ఇచ్చే స్తోమత లేని చిన్న దుకాణాలు ఇందులో ఇచ్చాయి. మన లెక్కలో చెప్పాలంటే ఫంక్షన్ హాలు, నర్సరీ, విత్తనాల కొట్టు. ఇవాళ ఆ డబ్బు మన దగ్గర ఫ్లెక్సీలకు పోతోంది.

సియాటిల్‌లో 2009 మార్చిలో పోస్ట్-ఇంటెలిజెన్సర్ దినపత్రిక అచ్చు ఆపేసింది. మిగిలిన సియాటిల్ టైమ్స్ అదే ఏడాది పేటల్లో జనం నడుపుతున్న వార్తా వెబ్‌సైట్లతో చేయి కలిపింది. వాటిని కొనలేదు, వాటి రాతను ఎత్తుకోలేదు. తన వెబ్‌సైటు నుంచి వాళ్ల వార్తలకు లింకులిచ్చింది. పాఠకుణ్ని బయటికి పంపితే మళ్లీ రాడేమోనని భయపడే యజమానులకు ఈ సంగతి చెప్పాలి. సరిగ్గా ఆ ఏడాదే ఏఓఎల్ కంపెనీ స్థానిక వార్తల సంస్థ ప్యాచ్‌ను కొనుక్కుని, కొద్ది కాలంలోనే దాదాపు 900 ఊళ్లలో వెబ్‌సైట్లు తెరిచింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. నష్టాలు మోయలేక 2014లో మెజారిటీ వాటా వేరేవాళ్లకు అప్పగించింది. అప్పటికే అక్కడున్న మనుషులతో కలిసి పనిచేయడానికీ, పై నుంచి ఊళ్ల మీద వెబ్‌సైట్లు దించడానికీ తేడా ఇది. మన పత్రికల యాజమాన్యాలకు రెండోదే ఎక్కువ నచ్చుతుందేమోనని నా అనుమానం.

వెబ్‌సైటు మనుషులంతా సత్యహరిశ్చంద్రులని నేననను. ఊరి వెబ్‌సైటు ఒక పార్టీ చేతిలోనో, ఒక కులం చేతిలోనో ఉండటం మామూలే. సర్పంచి మనిషి రాస్తే ఓడిపోయినవాడి తాత కట్టించిన బడి చరిత్రలోంచి మాయమవుతుంది. పత్రిక అవసరం అక్కడే. సరిచూసే అలవాటు, అవతలివాడికి ఫోన్ చేసి మీరేమంటారు అని అడిగే అలవాటు, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి కాగితం తెప్పించే ఓపిక మనకున్నాయి. పరువునష్టం నోటీసు వస్తే చూసుకునే వకీలు మనకున్నాడు, పండగ సెలవుల్లో వెబ్‌సైటు పెట్టిన కుర్రాడికి లేడు. నెలకొకసారి అతన్ని డెస్కుకు పిలిచి, వార్త ఎలా సరిచూస్తామో చూపించడానికి ఒక పూట చాలు.

ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలంటే, ప్రతాపరెడ్డి గారి సొంత ప్రాంతాన్నే చూపిస్తాను. ఆయనది ఇటిక్యాలపాడు, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. ఆ చుట్టుపక్కల కృష్ణా తుంగభద్రల ఒడ్డున 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టారు. గుళ్లకు దక్కిన ఆ శ్రద్ధ ఊళ్లకు దక్కలేదు. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. వికీపీడియా వ్యాసాలు 2011 జనగణన జాబితా పట్టుకుని తయారయ్యాయన్నాను కదా. అప్పటికే నీళ్లలో ఉన్న ఊరు ఆ జాబితాలో లేకపోవచ్చు. జాబితాలో లేని ఊరికి వ్యాసం పుట్టదు. సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ జలాశయం కింద పోయిన వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ పరిస్థితి తలకిందులు: జనగణనలో వాటి జనాభా ఉంది, నేల మీద ఊరు లేదు.

శ్రీశైలం ముంపు ఊళ్ల సమాచారం ఎక్కడుంది? కొంత ఆనాటి పత్రికల ఫైళ్లలో ఉంది, ఎవరూ తెరవడం లేదు. మిగతాది పునరావాస కాలనీల్లో ఉన్న డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్ల దగ్గర ఉంది. వాళ్లు వెబ్‌సైటుకు వచ్చి రాయరు. పేపరు చదువుతారు, లేదంటే మనవడు చదివి వినిపిస్తాడు. కాబట్టి అడగాల్సింది పేపరే. కర్నూలు, నంద్యాల, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ఎడిషన్లలో వారానికొకసారి ఒక మునిగిన ఊరి పేరు వేసి, ఈ ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఏ వీధిలో ఎవరుండేవారు, జాతర ఏ నెలలో, బడి ఎక్కడ, బావి ఎక్కడ, ఊరు ఖాళీ చేసిన రోజున ఎక్కడికెళ్లారు. విలేకరి కాలనీకి వెళ్లి రాసుకుని వస్తాడు. డెస్కు పాత ఫైలుతో సరిచూస్తుంది. చెప్పినవాళ్ల పేరుతో అచ్చు వేస్తుంది. అచ్చయింది కాబట్టి వికీపీడియాకు ఆధారం దొరుకుతుంది, అక్కడివాళ్లు దాన్ని పటం మీద గుర్తిస్తారు, తప్పుంటే ఇంకో ఊరివాడు దిద్దుతాడు. ఆ దిద్దుబాటు మళ్లీ పేపరుకొస్తుంది. నంద్యాల పేజీలో వచ్చిన ఊరి కబురు గద్వాలవాడికి అందుతుంది, ఎందుకంటే జోన్ పేజీల గోడ వికీపీడియాలో ఉండదు.

దీనికి డెస్కులో ఒక మనిషి, వారానికి పావు పేజీ చాలు. విలేకరికి మాత్రం ఈ పని లైన్ అకౌంటులో లెక్కకట్టాలి, యాడ్స్ టార్గెట్ నుంచి ఆ వారం మినహాయించాలి. ఈ సభలో పత్రికల యజమానుల తరఫున వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ఈ చివరి షరతు గురించి వాళ్లతో బయట టీ దగ్గర మాట్లాడతాను.